పెన్సిలు గుర్తులు

నాన్న సంవత్సరీకం ముందు వారం పెదపాడులో ఇల్లు సర్దుతున్నాం. 2023 మే నెల, ఎండలు మండిపోతున్నాయి. అటక మీద నుంచి ఇత్తడి గంగాళం, విరిగిన చేటలు, చెరువు లీజు కాగితాలున్న ట్రంకు పెట్టె దింపాక చివర్న పురికొసతో కట్టిన పత్రికల కట్టలు రెండు దిగాయి. పాతపేపర్లవాడికి వేసేద్దామని పక్కన పెట్టబోయాను. అమ్మ వంటింట్లోంచే కేకేసింది, "అవి ముట్టుకోకు, అక్కవి. అక్క ఫిజిక్సు పుస్తకాలు" అని.

అవి పుస్తకాలు కావు. భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల జాతీయ సంఘం నెలనెలా తన సభ్యులకు పంపే బులెటిన్లు. 1984లో డి.పి. ఖండేల్వాల్ అనే ఆచార్యుడు మొదలుపెట్టిన సంఘం అది. ఢిల్లీ, ముంబై పరిశోధనా సంస్థల్లో ఉన్నవాళ్ళ కోసం కాక, పల్లెటూరి కాలేజీలో లోలకం ఊపి చూపించే మాస్టారి కోసం కూడా పెట్టిన సంఘం. ఒలింపియాడ్ దారిలో మొదటి మెట్టు అయిన పరీక్షను మన పిల్లలకు పెట్టేదీ వాళ్ళే. అక్క 2003లో ఏలూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరినప్పుడు మొదటి జీతంలోంచి డబ్బు తీసి జీవిత సభ్యత్వం కట్టింది. ఆ నెల అమ్మకు చీర కొంటుందని ఎదురు చూశామనీ, బదులుగా ఒక రసీదు తెచ్చి చూపించిందనీ అమ్మ ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. ఆ నవ్వులో నిష్ఠూరం లేకపోలేదు.

చిరునామా పెదపాడుదే ఇచ్చింది. 2006లో పెళ్ళయి ఏలూరులో అత్తగారింటికి వెళ్ళాక రేషన్ కార్డులో పేరు మారింది, ఓటరు జాబితాలో మారింది, బ్యాంకు పాసుపుస్తకంలో ఇంటిపేరు మారింది. బులెటిన్ చిరునామా మాత్రం మార్చలేదు. పట్టుమని అరగంట ప్రయాణం. నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం వచ్చేది. అన్నం తిన్నాక వసారాలో నాన్న పడక్కుర్చీలో కూర్చుని, వచ్చిన బులెటిన్లు చదివి, అక్కడే అటక మీద పెట్టించి వెళ్ళేది. ఒక్కటి కూడా ఏలూరు పట్టుకెళ్ళలేదు. ఎందుకు పట్టుకెళ్ళదో అడగాలని ఎప్పుడూ తోచలేదు నాకు.

ఆ మధ్యాహ్నం కట్ట విప్పాను. నాకు భౌతికశాస్త్రం రాదు. నేను చదివింది తెలుగు సాహిత్యం, పిహెచ్.డి. చేసింది స్త్రీల ఆత్మకథల మీద. అంచేత సమీకరణాలున్న పేజీలు వదిలేసి, నాకు అర్థమయ్యే పేజీలే తిప్పాను. చివరి పేజీల్లో సభ్యుల వార్తలుంటాయి. ఎవరు పదవీ విరమణ చేశారు, ఎవరికి పురస్కారం వచ్చింది, ఎవరు పోయారు. ఆ పక్కన అవకాశాలు. వేసవి శిబిరాలు, ప్రయోగాల వర్క్‌షాపులు, వార్షిక సమావేశాలు, ఫెలోషిప్పులు.

ఆ అవకాశాల పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు గుర్తులున్నాయి. కొన్నిటికి టిక్కు కింద ఒకటి రెండు మాటలు. సన్నటి, గుండ్రటి అక్క దస్తూరీ.

ఒక ప్రయోగాల వర్క్‌షాపు పక్కన: "బాబుకి ఆటలమ్మ."

ఒక వేసవి శిబిరం పక్కన: "వాల్యుయేషన్."

ఒక వార్షిక సమావేశం పక్కన: "అత్తయ్యగారి కన్ను ఆపరేషన్."

ఇంకోచోట: "ప్రిన్సిపాల్ నవ్వాడు."

ఇంకోచోట, రిజిస్ట్రేషన్ రుసుము అన్న మాట కింద గీత గీసి: "చిన్ని హాస్టలు ఫీజు."

చిన్ని అంటే నేనే.

*

ఏడేళ్ళు స్త్రీల ఆత్మకథలు చదివాను. రాసుకున్న స్త్రీలు ఎంత తక్కువమందో, రాసుకున్నవాళ్ళు కూడా దేన్ని చెప్పకుండా వదిలేశారో వెతకడమే నా పని. భండారు అచ్చమాంబ నుంచి మొదలుపెట్టి, 1986లో వచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" దాకా, స్త్రీలు స్త్రీల జీవితాలను పోగు చెయ్యడం ఎంత పెద్ద రాజకీయమో ఒక అధ్యాయమంతా రాశాను. ఉత్తరాల్లో, పద్దుల పుస్తకాల్లో, వంటల నోటుపుస్తకాల అంచుల్లో స్త్రీల చరిత్ర దాగి ఉంటుందని సెమినార్లలో మాట్లాడాను. చప్పట్లు కూడా కొట్టారు. అదే కాలంలో మా ఇంటి అటక మీద, పురికొస కట్టులో, నెలకో వాక్యం చొప్పున ఒక ఆత్మకథ తయారవుతోంది. నాకు తెలియదు. నా ఫీజు కూడా అందులో ఒక వాక్యం.

అక్క 1980లో పుట్టింది, నేను 1988లో. అక్క ఏలూరు సెయింట్ థెరిసాలో బి.ఎస్సీ., వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. చదివింది. వాల్తేరు నుంచి రాసే ఉత్తరాల్లో స్వామి జ్ఞానానంద గురించి రాసేది. ఆయనది మన పక్క ఊరులాంటిదే, భీమవరం దగ్గర గొరగనమూడి. ఇల్లూ వాకిలీ వదిలి హిమాలయాలకు వెళ్ళి, సన్యాసిగానే జర్మనీ చేరి, ప్రాగ్‌లో భౌతికశాస్త్రంలో డాక్టరేటు తీసుకుని, లివర్‌పూల్‌లో, అమెరికాలో పని చేసి, చివరికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతికశాస్త్ర శాఖను నిలబెట్టిన మనిషి. అక్కకి ఆయనంటే మహా గౌరవం. "ఇల్లు వదిలితే గానీ ఇంత చదువు రాదేమోనే" అని రాసింది ఒకసారి. ఆ వాక్యాన్ని చాలా ఏళ్ళ తర్వాత నేను ఇంకోలా చదివాను. మగవాడు ఇల్లు వదిలితే స్వామి అవుతాడు, ఆచార్యుడవుతాడు, ప్రయోగశాలకు ఆయన పేరు పెడతారు. అదే గోదావరి గట్టు మీద ఇల్లు వదిలిన ఆడదానికి ఏ పేరు పెడతారో నేను చెప్పక్కర్లేదు.

2005లో అక్కకి జె.ఆర్.ఎఫ్. వచ్చింది. ఇంట్లో ఎవరికీ అదేమిటో అర్థం కాలేదు గానీ నెలనెలా డబ్బిచ్చి చదివిస్తారట అని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది కొల్లేరులో గట్లు కొట్టేశారు. ఐదో కాంటూరు లోపలి సరస్సును 1999లోనే అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అది రామ్‌సర్ ఒప్పందం జాబితాలోకి వెళ్ళింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చేపల చెరువుల గట్లు యంత్రాలతో తవ్వేశారు. సరస్సు బతకాలంటే అది జరగవలసిందేనని ఇప్పుడు నాకు తెలుసు. కొంగలకూ గూడబాతులకూ ఆ నీళ్ళ మీద మా నాన్నకంటే ముందు నుంచీ హక్కుంది. కానీ ఆ చెరువుల్లో ఒకదాన్లో మా నాన్న అప్పు తెచ్చి పెట్టిన వాటా ఉంది. గట్టు తెగిన రోజు చేప పోయింది, వాటా పోయింది, అప్పు మిగిలింది. ఆ ఏడాదే అక్క పెళ్ళి చేసేశారు. అప్పు ఇంకా పెరగకముందే చేసెయ్యాలన్నారు. జె.ఆర్.ఎఫ్. కాగితానికి గడువుంటుంది. అది ట్రంకు పెట్టెలో ఉండగానే గడువు దాటిపోయింది.

కాలేజీ ఉద్యోగం మాత్రం అక్క మానలేదు. అత్తవారు మానమనలేదు కూడా, జీతం వస్తోంది కదా. ఆ జీతంలో కొంత బావకు తెలిసీ, కొంత తెలియకా మా ఇంటికొచ్చేది. నా ఇంటర్మీడియట్, డిగ్రీ, తర్వాత హైదరాబాదులో ఎం.ఏ., ఫెలోషిప్పు డబ్బులు ఆగినప్పుడల్లా పిహెచ్.డి. హాస్టలు మెస్సు బిల్లు అన్నీ అందులోంచే. ఇది నాకు తెలియని సంగతి కాదు. నా సిద్ధాంత గ్రంథంలో కృతజ్ఞతల పేజీలో అక్క పేరు రాశాను. "నా చదువుకు ఆసరాగా నిలిచిన అక్కకి" అని. ఆసరా! ఎంత సుఖంగా ఉండే మాట! దేన్ని తీసి దేనికి పెట్టిందో ఆ మాటలో ఎక్కడా కనపడదు.

*

ఆ బులెటిన్లు ఒక సాహిత్య విద్యార్థిగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. అవకాశం అనేదానికి ఒక వ్యాకరణం ఉంది. దానికో కర్త ఉంటాడు. ఆ కర్త రెగ్యులర్ ఉద్యోగి, సంస్థాధిపతి సంతకం తేగలవాడు, వయసు ఫలానా అంకె దాటనివాడు, తనను సిఫారసు చేసే ఇద్దరు పెద్దల్ని ఎరిగినవాడు, మూడు రాత్రులు ఇంటికి రాకపోయినా ఎవరూ ఏమీ అనుకోనివాడు. నియమాల్లో ఎక్కడా 'పురుషుడు' అన్న మాట ఉండదు. ఉండవలసిన అవసరం లేదు. తెలుగు వాక్యంలో కర్తను చెప్పకపోయినా క్రియే చెప్పేస్తుంది చూడండి, అలాగన్నమాట.

స్త్రీల కోసమే పెట్టిన పథకాల్లో కూడా ఈ వ్యాకరణం పూర్తిగా మారలేదు. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ ఈ శతాబ్దం మొదట్లో మహిళా శాస్త్రవేత్తల పథకం ఒకటి తెచ్చింది. పిల్లల కోసమో సంసారం కోసమో ఉద్యోగంలో విరామం వచ్చినవాళ్ళు మళ్ళీ పరిశోధనలోకి రావడానికి. మంచి పథకమే, దానివల్ల తిరిగి వచ్చినవాళ్ళున్నారు. ఎం.ఎస్సీ. ఉన్నా చాలు. ఆ వార్త పక్కన అక్క టిక్కు పెట్టింది, రెండు గీతలు గీసింది. కింద రాసింది: "విరామం లేదు."

మొదట నాకు అర్థం కాలేదు. తీరిక లేదని రాసిందనుకున్నాను. తర్వాత అడిగితే చెప్పింది. ఆ పథకం ఉద్యోగం మానేసినవాళ్ళకి. అక్క ఒక్క నెల కూడా మానలేదు. ప్రసవానికి కూడా సెలవులకు ముందు రోజు దాకా పాఠం చెప్పింది. విరామం వచ్చింది భౌతికశాస్త్రానికి, జీతానికి కాదు. ఆ రకం విరామానికి దరఖాస్తులో గడి లేదు.

*

అక్కని తల్చుకుంటూ నేను చదివిన పేర్లు కొన్ని చెప్పాలి.

అన్నా మణి 1940లలో బెంగుళూరులో సి.వి. రామన్ ప్రయోగశాలలో వజ్రాల మీద పనిచేసింది. 1942కూ 1945కూ మధ్య ఒంటరిగా ఐదు పరిశోధన పత్రాలు ప్రచురించింది. సిద్ధాంత గ్రంథం మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇస్తే, ఎం.ఎస్సీ. లేదు గనక డాక్టరేటు ఇవ్వలేమన్నారు. అదే ప్రయోగశాలలో పనిచేసిన సునందాబాయికీ డాక్టరేటు రాలేదు. అన్నా మణి తర్వాత వాతావరణ శాఖలో చేరి దేశానికి కావలసిన పరికరాలు ఇక్కడే తయారు చేయించి పెద్ద పేరు తెచ్చుకుంది. సునందాబాయి పేరు ఎంతమందికి తెలుసు? బిభా చౌధురి 1936లో కలకత్తా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం ఎం.ఎస్సీ. తరగతిలో ఏకైక విద్యార్థిని. డి.ఎం. బోస్‌తో కలిసి కాస్మిక్ కిరణాల మీద ఆమె చేసిన పని ప్రపంచ స్థాయిది. ఆమె 1991లో పోయింది. 2019లో ఒక నక్షత్రానికి ఆమె పేరు పెట్టారు.

మరియా గోపర్ట్ మేయర్ సంగతి ఇంకా ముచ్చటైనది. భర్త పనిచేసే అమెరికన్ విశ్వవిద్యాలయంలో భార్యకు ఉద్యోగం ఇవ్వకూడదని నియమం. ఏళ్ళ తరబడి జీతం లేకుండానే పరిశోధన చేసింది. 1963లో నోబెల్ వచ్చినప్పుడు ఆవిడ ఊరి పేపరు, మన ఊరి తల్లికి నోబెల్ వచ్చిందని శీర్షిక పెట్టింది. శాస్త్రవేత్తకు రాలేదు, తల్లికి వచ్చింది! భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన స్త్రీలు 1903లో మేరీ క్యూరీ నుంచి 2023లో ఆన్ లూయిలియే దాకా ఐదుగురు.

2008లో భారతీయ విజ్ఞాన అకాడమీ "లీలావతీస్ డాటర్స్" అనే పుస్తకం తెచ్చింది. రోహిణీ గోడ్బోలే, రామ్ రామస్వామి సంపాదకులు. దాదాపు వందమంది భారతీయ మహిళా శాస్త్రవేత్తల జీవితాలు. అచ్చమాంబ వందేళ్ళ కిందట చేసిన పనికి చెల్లెలి లాంటి పని అది. లీలావతి కథ మీకు తెలిసే ఉంటుంది. కూతురి పెళ్ళి ముహూర్తం తప్పకూడదని భాస్కరాచార్యుడు నీళ్ళ గడియారం పెడితే, ఆ పిల్ల కుతూహలం కొద్దీ వంగి చూసిందట, ముక్కెర ముత్యం జారి రంధ్రానికి అడ్డం పడిందట, ముహూర్తం దాటిపోయిందట. ఓదార్పుగా తండ్రి గణిత గ్రంథానికి ఆమె పేరు పెట్టాడట. కట్టుకథే కావచ్చు. కానీ ఆ కథ చెప్పేవాళ్ళంతా ముత్యం జారడం గురించే చెబుతారు. ఆ పిల్ల పరికరం ఎలా పనిచేస్తుందో చూడ్డానికి వంగిందన్న మాట మీద ఎవరూ ఆగరు.

ఆ పుస్తకంలో ఉన్నవాళ్ళు ఎన్నో అడ్డంకులు దాటి వచ్చినవాళ్ళు. చదువుతుంటే గర్వంగానే ఉంటుంది. కానీ చదివినంతసేపూ నాకొక మాట గుచ్చుకుంటూనే ఉంది. దాటి వచ్చినవాళ్ళ కథలే మనకి కథలు. అడ్డంకి ఇవతలే ఉండి, రోజూ పొద్దున్నే ఎనిమిదింటికి అరవైమంది పిల్లలకి న్యూటన్ మూడో నియమం చెబుతూ, తిరిగొచ్చి పప్పు వేసేవాళ్ళు ఏ పుస్తకంలోకి వస్తారు?

*

ఇప్పుడు నేను తప్పించుకోలేని సంగతికి వస్తాను.

దేశంలో భౌతికశాస్త్రజ్ఞులకు 1970 నుంచీ ఇంకో పెద్ద సంఘం ఉంది, ఇండియన్ ఫిజిక్స్ అసోసియేషన్. 2017లో ఆ సంఘం జెండర్ మీద ఒక కార్యబృందాన్ని పెట్టింది. ఖగోళ భౌతికశాస్త్రవేత్త ప్రజ్వల్ శాస్త్రి దాన్ని నడిపించారు. ఆ బృందం 2019 సెప్టెంబరు 19 నుంచి 21 దాకా హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఒక జాతీయ సదస్సు జరిపింది. భౌతికశాస్త్రంలో జెండర్ సమానత్వం అన్నది విషయం. భౌతికశాస్త్రజ్ఞులే కాకుండా సమాజశాస్త్రాల వాళ్ళని కూడా పిలిచారు. దాన్నుంచే హైదరాబాద్ చార్టర్ వచ్చింది. ఈ రంగంలో స్త్రీలు తక్కువగా ఉండడానికి కారణం వాళ్ళ శక్తిలోనో ఇష్టంలోనో లేదు, వృత్తి నడుస్తున్న తీరులో ఉంది, కాబట్టి మారవలసింది వృత్తే అన్నది దాని సారం. స్త్రీవాదులకి ఇది కొత్త మాట కాదు. కానీ ఒక శాస్త్రజ్ఞుల వృత్తి సంఘం ఆ మాట అనడం కొత్తే.

ఆ సెప్టెంబరులో నేను అదే క్యాంపస్‌లో ఉన్నాను. సిద్ధాంత గ్రంథం చివరి అధ్యాయం రాస్తున్నాను. షాప్‌కామ్‌లో టీ తాగుతుంటే ఎవరో చెప్పారు. ఒక మధ్యాహ్నం వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను కూడా. నా అధ్యాయానికి పనికొస్తుందని నోట్సు రాసుకున్నాను. ఆ రాత్రి అక్క ఫోన్ చేసింది. రోజూ చేసేదే. తిన్నావా, థీసిస్ ఎంతవరకొచ్చింది, జలుబు తగ్గిందా. సదస్సు సంగతి నేను చెప్పలేదు.

మరిచిపోయానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. చెబుదామా అన్న ఆలోచన వచ్చింది, వచ్చి ఆగింది. అక్కడున్నవాళ్ళు ప్రొఫెసర్లు, పరిశోధకులు, ఇంగ్లీషులో గడగడా మాట్లాడేవాళ్ళు. మా అక్క ఇంటర్ పిల్లలకి ఎంసెట్ బిట్లు చేయించే మేడం. ఇక్కడికొచ్చి ఏం చేస్తుంది పాపం అనుకున్నాను. ఆ 'పాపం' ఎక్కడిదో ఇప్పుడు తెలుస్తోంది. ప్రిన్సిపాల్ నవ్వు, నా 'పాపం', రెండూ ఒక చెట్టు కాయలే. ఆయన నవ్వు కాగితం అంచుకెక్కింది, నాది ఎక్కలేదు. అంతే తేడా.

ఎక్కలేదని అనుకున్నాను. 2019 బులెటిన్లలో ఒకదాని మధ్య నాలుగు మడతలు పెట్టిన జిరాక్సు కాగితం ఒకటి దొరికింది. ఆ సదస్సు ప్రకటన. కాలేజీలో ఎవరో ఇచ్చి ఉంటారు. దాని మీదా పెన్సిలు టిక్కు. కింద: "చిన్ని అక్కడే ఉంది. అడగనా?" దాని కింద ఇంకాస్త లైటుగా: "వద్దులే."

*

సాయంత్రం అక్క వచ్చింది. కట్ట విప్పి ఉండడం చూసింది. ఏమీ అనలేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. జిరాక్సు కాగితం నా చేతిలోనే ఉంది.

"ఎందుకడగలేదే అక్కా?" అన్నాను.

"నీ థీసిస్ టైము కదే. నేనొస్తే నీ రూములో ఉండాలి, నీ ఫ్రెండ్సుకి చెప్పాలి, నాతో తిరగాలి. నాకా ఇంగ్లీషు రాదు. నీకు నామోషీగా ఉంటుందేమో అనుకున్నా."

నామోషీ. ఎంత మెల్లగా అందో ఆ మాట! నేను కాదనాలి. నోరు పెగల్లేదు. అప్పుడు చెప్పాను, ఆ మధ్యాహ్నం నేనక్కడికి వెళ్ళాననీ, ఆ రాత్రి ఫోనులో కావాలనే చెప్పలేదనీ.

అక్క చాలాసేపు పురికొసని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"పోనీలే," అంది చివరికి. కాసేపాగి, "ఏం మాట్లాడేరే అక్కడ? నోట్సు రాసుకున్నానన్నావుగా, ఉందా?" అంది.

ఉంది. ఆ రాత్రి ల్యాప్‌టాప్ తెరిచి చార్టర్ ఇంగ్లీషులో చదివి వినిపిస్తూ తెలుగులో చెప్పాను. అమ్మ కూడా గుమ్మంలో కూర్చుని వింది. మారవలసింది ఆడవాళ్ళు కాదు, పద్ధతి అన్న దగ్గర అమ్మ ఆపింది. "అది రాసినవాళ్ళు మన ప్రిన్సిపాల్‌కి ఓ కాపీ పంపేరా?" అంది. ముగ్గురం నవ్వాం. ఆ ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఆ జూలైలోనే మహిళా భౌతికశాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సదస్సు మన దేశం ఆతిథ్యంలో ఆన్‌లైన్‌లో జరిగింది. 2002లో పారిస్‌లో మొదలైన పరంపరలో ఎనిమిదోది. ఈసారి ముందుగానే అక్కకి చెప్పాను. చెప్పి, పెద్ద బరువు దించుకున్నట్టు ఊపిరి పీల్చుకున్నాను. ఆ వారం కాలేజీలో అడ్మిషన్ల డ్యూటీ పడింది అక్కకి. అవకాశం సంగతి చెప్పడం వేరు, అవకాశం ఇవ్వడం వేరు. నేను చెప్పి చేతులు దులుపుకున్నాను. బులెటిన్ ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనీ అదే.

*

ఆ 2019లోనే ఇంకో రోజు గుర్తొస్తోంది. డిసెంబరు 26, సూర్యగ్రహణం. దక్షిణాన కేరళ, తమిళనాడుల్లో వలయంగా కనిపించింది, మనకి పాక్షికం. థీసిస్ ఇచ్చేసి ఇంటికొచ్చి ఉన్నాను. వీధిలో తలుపులన్నీ వేసేశారు. పొయ్యిలు వెలగలేదు, నీళ్ళ బిందెల మీద దర్భలు వేశారు. అక్క పొద్దున్నే ఏలూరు నుంచి ఆటోలో దిగింది, చేతిలో అట్టపెట్టె. దానికి గుండుసూదితో బెజ్జం పెట్టింది. వీధిలో ఆడపిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి పెట్టెలో సూర్యుణ్ణి చూపించింది. తర్వాత అందర్నీ చింతచెట్టు కిందకి తీసుకెళ్ళింది. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు చుక్కలన్నీ అంచు కొరికిన అప్పచ్చుల్లా ఉన్నాయి. వందలకొద్దీ. "ప్రతి ఆకు సందూ ఒక కెమెరాయే" అంది అక్క. ఎదురింటి కోడలు, ఏడో నెల, కిటికీ చువ్వల వెనక నిలబడి చూస్తోంది. అక్క ఒక తెల్ల కాగితం పట్టుకెళ్ళి కిటికీ ముందు పట్టుకుంది. కిటికీ పరదా చిరుగులోంచి పడ్డ సూర్యుడు ఆ కాగితం మీద వంకరగా నిలిచాడు. బయటికి రాకుండానే చూసిందా అమ్మాయి. అత్తగారు లోపల్నుంచి కసిరేదాకా చూసింది.

ఆ రోజు నేను ఫోటో కూడా తియ్యలేదు. అది వార్త అని నాకు తోచలేదు.

*

కిందటి నెల అక్క ఫోన్ చేసింది. గత రెండేళ్ళుగా ఆదివారాలు పెదపాడులో మా వసారాలోనే చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లల్ని కూర్చోబెట్టి ప్రయోగాలు చేయిస్తోంది. కొల్లేటి ఊళ్ళ పిల్లలూ వస్తారు. లోలకానికి ఇత్తడి గుండు ఎక్కడిది? విసురువల అంచుకు కట్టే సీసపు గుళ్ళు తెచ్చుకుంటారు. వాళ్ళ నాన్నల వలల్లోంచి. దారం పొడుగు పెంచితే ఊగడానికి పట్టే కాలం పెరుగుతుందనీ, గుండు బరువు మారిస్తే మారదనీ లెక్క కట్టి వాళ్ళే చెబుతున్నారట. ఆ సంగతి రెండు పేరాలు రాసి బులెటిన్‌కి పంపిస్తుందట. సభ్యుల వార్తల్లోకి.

"ఇంగ్లీషు కాస్త చూడవే" అంది.

చూశాను. నేను దిద్దవలసినవి రెండు మూడు తప్పులే ఉన్నాయి. వాక్యాలు పొట్టిగా, నిక్కచ్చిగా ఉన్నాయి, పెన్సిలు మాటల్లాగే. నా వాక్యాల్లాగా లేవు. బాగుచేస్తే పాడైపోతాయనిపించి వదిలేశాను.

చివర్న పేరు రాసి, పేరు కింద ఖాళీ వదిలింది. "అక్కడేం రాయాలే? కాలేజీ పేరు రాస్తే వాళ్ళ పర్మిషన్ కావాలంటారు. ఫలానా డిపార్ట్‌మెంట్ అని రాయడానికి నాకేం లేదు. ఏం రాసుకోవాలి నేను?"

పన్నెండు రకాల సమాధానాలు తోచాయి నాకు. స్వతంత్ర పరిశోధకురాలు అను, విజ్ఞాన ప్రచారకురాలు అను. ఇవన్నీ నా లోకం మాటలు. నోటిదాకా వచ్చినవి మింగేసి, "నీకేమనిపిస్తోందక్కా?" అని అడిగాను. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అక్కని అడగడం అదే మొదటిసారి అని అడిగాక తెలిసింది.

చాలాసేపు మాట్లాడలేదు. వెనకాల కుక్కరు కూత వినిపించింది.

"భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని, పెదపాడు. అంతే రాస్తానే" అంది. "చిరునామా వాళ్ళ దగ్గర అదే ఉందిగా."